యంత్రానికి పెట్టిన బొట్టు

ఆగస్టు 23, 1999, సోమవారం

కంప్యూటర్ వచ్చింది. మాదాపూర్‌లో కొత్తగా పెట్టిన కంపెనీ వాళ్లు వ్యానులో తెచ్చి దించి, ఫోటో తీయించుకుని వెళ్లారు. మూడు అట్టపెట్టెలు. పాత స్టోరు గది ఖాళీ చేయించి, సున్నం వేయించి, కిటికీకి ఇనుప జాలీ కొట్టించారు. చెప్పులు బయట విడిచి రావాలని హెడ్మాస్టరు రామ్మోహనరావు గారు తలుపు పక్కన స్వయంగా రాశారు.

స్టాఫ్ మీటింగులో ఆయన నా వైపు చూశారు. "సైన్సు మాస్టారు మీరుండగా ఇంకొకరిని అడగడం ఏం బాగుంటుందండీ వీరేశం గారూ? ఇన్‌ఛార్జి మీరే."

సరే అన్నాను. ఇరవై ఆరేళ్లుగా సైన్సు చెబుతున్నవాడిని, ఇది నాకు తెలియదని ఎలా అంటాను?

తాళంచెవులు రెండు. సంతకం పెట్టి తీసుకున్నాను.

ఈ నోటుబుక్కు ఇవాళే మొదలుపెట్టాను. ఎవరితో చెప్పుకునే సంగతి కాదు. నాకు ఆ పెట్టె అంటే భయం.

ఆగస్టు 28, శనివారం

కంపెనీ వాళ్లు టీచర్లకు పెట్టిన మూడు రోజుల శిక్షణ అయిపోయింది. ముప్పై మందిమి, పది మిషన్లు. ముందు కూర్చున్న ఇద్దరు నొక్కుతుంటే వెనక నిలబడి చూశాను. మౌస్ ఒక్కసారి నా చేతికి వచ్చింది. తెర మీది బాణం గుర్తు అంచుకు పోయి మాయమైంది. పోగొట్టానేమో అనుకుని చెయ్యి తీసేశాను. నేర్పే అబ్బాయి ఏదో చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను.

సర్టిఫికెట్ ఇచ్చారు. హెడ్మాస్టరు గారు దానికి అద్దం కట్టించి ఆఫీసు గదిలో తగిలించారు. దాని ముందు నుంచి పోవలసి వస్తే తల వంచుకుని పోతున్నాను.

సెప్టెంబరు 1, బుధవారం

మొదటి క్లాసు. పదో తరగతి నలభై ఇద్దరు గచ్చు మీద కూర్చున్నారు. స్విచ్చి వేశాను. ఏమీ రాలేదు. మళ్లీ వేశాను. అప్పుడే బయట బండలు పేల్చేవాళ్ల సైరను మోగింది. పిల్లలకు అది అలవాటే, చెవులు మూసుకుని నవ్వుకుంటూ కూర్చున్నారు. పేలుడుకు జాలీ దడదడలాడింది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

మూడో వరసలోంచి మమత లేచింది. "సార్, టీవీ లెక్క ఉన్నదానికి వేరే బటనుంటది. కింద డబ్బాకు వేరే."

వచ్చి నొక్కింది. తెర వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకే కొడుతున్నారనుకుని హెడ్మాస్టరు గారు గుమ్మంలోంచి తల ఊపి పోయారు.

క్లాసు అయ్యాక నీకెట్లా తెలుసని అడిగాను. వాళ్లమ్మ సత్తెమ్మ మాదాపూర్ దారిలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ఊడ్చే పని చేస్తుంది. ఆదివారాలు తల్లితో పోయి ఈ పిల్ల గచ్చు తుడుస్తుంది. తుడవడం అయిపోతే అక్కడి సారు ఒక గంట మిషన్ ముందు కూర్చోనిస్తాడట. తండ్రి లింగయ్య సెంట్రింగ్ పని. పాలమూరు వైపు నుంచి వచ్చి కొండాపూర్ వెనక రేకుల షెడ్డులో ఉంటున్నారు.

సాయంత్రాలు అరగంట నాకు చూపించమన్నాను. 'నాకు' అనలేదు. 'ఇద్దరం చూసుకుందాం' అన్నాను.

సెప్టెంబరు 9, గురువారం

మమత చూస్తుండగా నాలుగుసార్లు నొక్కాను. ఏమీ పాడు కాలేదు.

సెప్టెంబరు 20, సోమవారం

ఇప్పుడు ఒక పద్ధతి కుదిరింది. నేను కర్ర పట్టుకుని తెర పక్కన నిలబడి పాఠం చెబుతాను. మమత మిషన్ ముందు కూర్చుంటుంది. నేను 'ఇక చంద్రుడు' అనగానే నొక్కుతుంది, చంద్రుడు వస్తాడు. బయటి నుంచి చూస్తే నేనే తెప్పించినట్టు ఉంటుంది.

సాయంత్రం మౌస్ నా చేత పట్టించింది. అటెండర్ ఈశ్వరయ్య గుమ్మంలో బీడీ చెవిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"గంత గట్టిగ పట్టుకోకుండ్రి సార్. పిల్లిని పట్టుకున్నట్టు పట్టుకోవాలె" అంది మమత.

"పిల్లిని నేనెప్పుడు పట్టిన్నమ్మా?"

"మా షెడ్డుల ఉన్నది సార్. గట్టిగ పడితే గీకుతది."

ఈశ్వరయ్య గుమ్మంలోంచి అన్నాడు: "రెండువేల సంవత్సరం రాంగనే ఇయ్యన్ని బందైతయట గద సార్. ఇంక మూడు నెలలే ఉన్నది. జర ఓపిక పడితే అయిపోతది, గింత కష్టమెందుకు?"

పిల్ల పకపకా నవ్వింది. అంతలో తెర మీద ఒక డబ్బా లేచింది. చట్టవిరుద్ధమైన పని జరిగిందని, మూసివేస్తున్నామని ఇంగ్లీషులో రాసి ఉంది.

"ఇది ఎవరికైనా తెలుస్తుందా?" అన్నాను.

"ఎవ్వరికి తెల్వది సార్. అది గట్లనే అంటది. బంద్ చేసి మల్ల పెడితే మర్చిపోతది."

ఇంటికి పోయేముందు నోటుపుస్తకంలో కాగితం చింపి పదకొండు అంకెలు వేసి నేను చేయవలసినవి రాసి ఇచ్చింది. ఆరోది: 'తిరుగుతుంటే ఆగాలి. భయపడి మళ్లీ మళ్లీ నొక్కవద్దు.' నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టే దాన్ని రెండుసార్లు చదివాను. ఒక్క తప్పు లేదు.

అక్టోబరు 8, శుక్రవారం

రేపటి నుంచి దసరా సెలవులు. నవంబరు పదో తారీఖున కంపెనీ వాళ్లు, జిల్లా విద్యాధికారి వస్తారట. నేను సౌరకుటుంబం పాఠం కంప్యూటర్ మీద చెప్పి చూపాలి. ఈసారి పిల్లను కూర్చోబెట్టవద్దని హెడ్మాస్టరు గారు అన్నారు. "మాస్టారే నడిపారనిపించాలండీ. పిల్ల నడిపితే మీరెందుకు, మీ సర్టిఫికెట్ ఎందుకు?"

రెండో తాళంచెవి మమతకు ఇచ్చాను. సెలవుల్లో వచ్చి పాఠం వరసగా అమర్చి పెట్టమన్నాను. తాళం పిల్లల చేతికి ఇవ్వకూడదని నియమం. ఈశ్వరయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

అక్టోబరు 19, మంగళవారం. దసరా

పొద్దున లింగంపల్లిలో మొదటి బస్సు ఎక్కి బడికి వెళ్లాను. ఎవరూ లేరు. నాగలికి, గొడ్డలికి బొట్టు పెట్టకుండా దసరానాడు మా నాన్న అన్నం ముట్టేవాడు కాదు. నా చేతిలో ఉన్న పనిముట్టు ఇదే కదా. తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. పదో తారీఖున పరువు దక్కించమని దణ్ణం పెట్టుకున్నాను. చిప్పలు డబ్బా మీదే ఉంచి తాళం వేసి వచ్చాను.

కొన్ని చుక్కలు పడ్డాయి. తుడిచాను.

మా ఆవిడ నాగమణికి చెప్పలేదు. ఇన్నేళ్లలో ఇంట్లో ఒక్కనాడు దీపం పెట్టినవాణ్ని కాను. నవ్వుతుంది.

అక్టోబరు 21, గురువారం

బడి తెరిచారు. అందరికంటే ముందు నేనే గది తీశాను. బొట్టు లేదు. పసుపు లేదు. చిప్పలు లేవు. గది అద్దంలా ఉంది.

మమతను పిలిచాను. రెండు బటన్లూ నొక్కింది, వైర్లు కదిలించి చూసింది. "వస్తలేదు సార్" అని, ఒక్కసారి నా మొహంలోకి చూసింది. వెంటనే తల తిప్పుకుంది.

చిప్పలు ఎలుకలు ఎత్తుకుపోయి ఉంటాయి. ఎలుకలు బొట్టు తుడవవు.

అక్టోబరు 22, శుక్రవారం

కరెంటు తక్కువ ఉంది అనుకుంటాను. సోమవారానికి మిషన్ దానంతటదే వస్తుంది.

అక్టోబరు 25, సోమవారం

రాలేదు. హెడ్మాస్టరు గారికి చెప్పవలసి వచ్చింది. కంపెనీకి ఫోను చేశారు. ఆయన ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ నేను కిటికీలోంచి బయట తవ్వుతున్న బండల వైపు చూస్తూ నిలబడ్డాను.

అక్టోబరు 27, బుధవారం

మెకానిక్ వచ్చాడు. మరలు విప్పి డబ్బా మూత తీశాడు.

చీమలు. ఎర్ర చీమలు బారులు కట్టి లోపలి పలక మీద తిరుగుతున్నాయి. పలక మీద తెల్లగా ఎండిన మరక, ఒక మూల నల్లగా మాడిన చోటు. మెకానిక్ వేలితో గీరి వాసన చూశాడు.

"ఎవరో తియ్యటి నీళ్లు ఒలకబోశారు సార్. కూల్‌డ్రింకో ఏదో. ఈ పలక పోయింది."

కొన్ని చుక్కలే పడ్డాయి.

హెడ్మాస్టరు గారు గది మధ్యలో నిలబడి అడిగారు. "సెలవుల్లో తాళం ఎవరి దగ్గరుందండీ?"

"ఒకటి నా దగ్గర ఉంది. ఒకటి మమత దగ్గర."

అది నిజం. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

ఈశ్వరయ్య అందుకున్నాడు. "ఇరవయ్యో తారీఖు పొద్దుగూకంగ వచ్చింది సార్ ఆ పిల్ల. పోయేటప్పుడు చేతుల సంచి ఉండె. నేను ఊరి నుంచి అప్పుడే దిగిన, నా కండ్లతోటి చూసిన."

ఇరవయ్యో తారీఖు. చిప్పలు, బొట్టు. ఆ ఆలోచన వచ్చింది. రానివ్వలేదు.

అక్టోబరు 28, గురువారం

మమతను ఆఫీసు గదిలోకి పిలిచారు. నేను పక్క కుర్చీలో హాజరు పట్టీ ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"అక్కడ కూల్‌డ్రింకు తాగావా అమ్మా?"

"లేదు సార్."

"మరి నీళ్లెవరు పోశారు?"

ఊరుకుంది.

"సంచిలో ఏం పట్టుకెళ్లావు?"

"చెత్త సార్."

"ఏం చెత్త?"

గోడకేసి చూస్తూ నిలబడింది. కుడికాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తోంది. నా వైపు చూడలేదు. చూస్తే ఏం చేసేవాణ్నో తెలియదు. హాజరు పట్టీలో ఒకే వరసను నాలుగుసార్లు కూడాను.

"చూశారా, ఎంత మొండో" అన్నారు హెడ్మాస్టరు గారు. నేను తల ఊపానా? ఊపి ఉంటాను.

అక్టోబరు 29, శుక్రవారం

సత్తెమ్మ వచ్చింది. పని మధ్యలోంచి వచ్చినట్టుంది, నీలం కోటు ఇంకా విప్పలేదు. హెడ్మాస్టరు గారి కాళ్లు మొక్కబోయింది. ఆయన వెనక్కి జరిగారు. నా వైపు తిరిగింది.

"సారూ, మీరన్న చెప్పుండ్రి. మా పిల్ల ఒక్క కాగితం ముక్క పారెయ్యది. ఆడ గంటసేపు మిషన్ మీద కూసోనిస్తరని గచ్చంత అద్దం లెక్క తుడుస్తది. గసుంటి పిల్ల దాని మీద నీళ్లు పోస్తదా?"

నేను పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాను.

"ఇంటికొస్తె మీ ముచ్చటనే సారూ. సారుకు నేర్పుతున్న అంటది, నవ్వుతది. సారుకు నువ్వు నేర్పుడేందే, సోయి లేదా అని నేనే తిట్టిన."

హెడ్మాస్టరు గారు నన్ను చూశారు. నేను నీళ్లు తాగడానికి బయటికి వచ్చాను. కుండ ముందు చాలాసేపు నిలబడ్డాను. నీళ్లు ముంచుకోలేదు.

అక్టోబరు 31, ఆదివారం

"ఏందయ్యా, అన్నం కలిపి గట్లనే కూసున్నవ్?" అంది నాగమణి.

కంప్యూటర్ పాడైన సంగతి చెప్పాను. మమత సంగతి చెప్పాను.

"ఆ పిల్లనే చేసిందంటవా?"

"తాళం ఆమె దగ్గర ఉండె."

"నేనడిగింది అది కాదు."

కంచం తీసేసింది.

నవంబరు 1, సోమవారం

మమతకు టీసీ ఇచ్చి పంపేయాలని హెడ్మాస్టరు గారు నిర్ణయించారు. పదో తారీఖున పెద్దలు వచ్చి అడిగితే ఏం చర్య తీసుకున్నారో చెప్పాలి కదా అన్నారు. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే నామినల్ రోల్ ఆరో తారీఖున పోవాలి. దాన్ని ఏటా నా చేతే రాయిస్తారు, నా దస్తూరి బాగుంటుందని.

"మీరే రాస్తున్నారుగా. ఆ పేరు వదిలేయండి."

ఇప్పుడు పేరు పోతే మార్చిలో ఈ పిల్ల ఎక్కడి నుంచీ పరీక్ష రాయలేదు. ఇంకే బడీ ఇంత ఆలస్యంగా చేర్చుకోదు. ఇది నాకు తెలిసినంత బాగా ఈ బడిలో ఎవరికీ తెలియదు.

ఇరవై ఆరు పేర్లు రాశాను. మమతది ఇరవై ఏడు.

నవంబరు 2, మంగళవారం

ఇరవై ఆరు దగ్గరే ఉంది. పెన్ను సరిగా రాయడం లేదు.

నవంబరు 3, బుధవారం

సాయంత్రం కొండాపూర్ వెనక షెడ్ల దగ్గరికి వెళ్లాను. ఎందుకు పోతున్నానో నాకే చెప్పుకోలేదు. బోరింగు దగ్గర బోళ్లు తోముతోంది మమత. నన్ను చూసి లేచి చేతులు లంగాకు తుడుచుకుంది. సత్తెమ్మ ఇంకా పని నుంచి రాలేదు.

"నువ్వేనా బొట్టు తుడిచింది?"

"అవును సార్."

"ఎందుకు?"

"ఇరవయ్యో తారీఖు ప్రాక్టీసుకు వచ్చిన. సూస్తె బొట్టు, చిప్పలు, చీమలు. మీరే అనుకున్న. సైన్సు సారు కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టిండని పోరగాండ్లు నవ్వుతరు గద. అందుకే తుడిచి, అన్ని సంచిల ఏసుకొని పారేసిన. అప్పటికే చీకటైంది, మిషన్ పెట్టనే లే. లోపటికి నీళ్లు పోయినయని నాకెరుక లేదు సార్."

"మరి హెడ్మాస్టరు గారు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

నన్ను వింతగా చూసింది.

"మీరు ఆడనే కూసొని ఉంటిరి గద సార్."

బోరింగు దగ్గర ఎవరో బిందె పెట్టి కొట్టడం మొదలుపెట్టారు. ఆ చప్పుడులో మమత కొంచెం గొంతు పెంచి అడిగింది. "నా పేరు రాసిండ్రా సార్?"

"ఇంకా రాయలేదు."

"ఒకటో తారీఖు నుంచి రోజు మా అమ్మతోని పనికి రమ్మన్నరు. ఈ నెల మా అమ్మ ఆపింది. సార్లను అడిగి సూస్తనని."

నేను తల ఊపి వచ్చేశాను. చెబుతాను అని మాట ఇవ్వలేదు.

ఇక్కడైనా సరిగా రాస్తాను. కొన్ని చుక్కలు కాదు. నాగలి నెత్తిన మా నాన్న పోసినట్టు, రెండు చిప్పల నీళ్లూ ఆ డబ్బా నెత్తిన పోశాను. పోసి, పండుగ పూట ఒకసారి వెలగాలని స్విచ్చి వేశాను. లోపల టప్‌మని చప్పుడైంది. కాలిన వాసన వచ్చింది. కట్టేసి, తాళం వేసి, బస్సు ఎక్కాను.

నాకు దసరానాడే తెలుసు.

తడి చేత్తో స్విచ్చి ముట్టవద్దని ఎనిమిదో తరగతికి ప్రతి ఏడూ చెప్పేది నేనే.

నవంబరు 4, గురువారం

ఒక తెల్లకాగితం మీద జరిగింది రాసి, సంతకం పెట్టి, హెడ్మాస్టరు గారి ముందు ఉంచాను. చదివారు. లేచి తలుపు వేసి వచ్చారు.

"మీకు మతి ఉందాండీ వీరేశం గారూ?"

"జరిగింది అదే సార్."

"జరిగితే జరిగింది. కాగితం మీద పెడతారా ఎవరైనా? సైన్సు మాస్టారు కంప్యూటర్‌కి అభిషేకం చేశాడని పేపర్లో వేస్తారండీ. పిల్ల చేసిందంటే పిల్లే కదా అని ఊరుకుంటారు. మీరు చేశారంటే మీకు ఛార్జిమెమో, నాకు సంజాయిషీ. మార్చిలో రిటైర్మెంటు నాది. ఒక్క మచ్చ లేదు నాకు ముప్పై మూడేళ్లలో."

"ఆ పిల్ల పరీక్ష సార్…"

"వచ్చే ఏడు రాస్తుంది. ప్రైవేటుగా కట్టుకుంటుంది. ఈ కాగితం నేను చూడలేదు. తీసుకోండి."

తీసుకున్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాను.

బయటికి వచ్చాక హాయిగా అనిపించింది. ఇది రాయకుండా ఉండలేను. హాయిగా అనిపించింది. నేను చెప్పాను, ఆయన ఒప్పుకోలేదు, ఇక నా చేతిలో ఏముంది అనుకుంటూ బస్టాపు దాకా నడిచాను. బస్సులో సీటు కూడా దొరికింది.

ఇంటికి వచ్చి నామినల్ రోల్ తీస్తే ఇరవై ఏడో గడి ఖాళీగా ఉంది.

నవంబరు 5, శుక్రవారం

పదో తరగతి హాజరు. నంబర్లు చదువుతూ పోయాను. నోరు అలవాటు కొద్దీ ఇరవై ఏడు అంది.

"రాలే సార్" అన్నారు ఎవరో.

"ఇంకెక్కడి మమత సార్, పేరు తీసేసిండ్రంట గద" అన్నాడు సాయిచంద్ వెనక బెంచీలోంచి. వాడు అన్నిటికీ ముందుంటాడు. "కంప్యూటర్‌కు దూపైతుందని కూల్‌డ్రింక్ తాపింది."

క్లాసంతా నవ్వింది. నేను పట్టీ మూశాను. బల్ల అంచు పట్టుకున్నాను. హెడ్మాస్టరు గారి గది రెండు గదుల అవతల. గట్టిగా చెబితే వినిపిస్తుంది. మెల్లగా చెప్పే గొంతు నాకు లేదు.

"కూల్‌డ్రింక్ కాదు. మమత కాదు. దసరానాడు నేను వచ్చి కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టి, నీళ్లు దాని మీద పోసిన. అందుకే కాలిపోయింది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత అందరూ. బల్లలు చరుస్తూ నవ్వారు.

"సార్, మరి మాకు కొబ్బరి ముక్కలు పెట్టలేదేంది?" అన్నాడు సాయిచంద్.

మళ్లీ నవ్వు. నేను నిలబడే ఉన్నాను. ఇరవై ఆరేళ్లలో క్లాసులో ఇలాంటి నవ్వు వినలేదు. ఆపమని అనలేదు. అనే హక్కు ఉందనిపించలేదు. అప్పుడు ఒక ఆడపిల్ల లేచింది. ప్రశాంతి. ఎప్పుడూ మాట్లాడని పిల్ల.

"మరి మమతనెందుకు పంపిండ్రు సార్?"

నవ్వు ఆగిపోయింది. నలభై ఒక్క మంది నా వైపు చూశారు. "నేను చెప్పలే కాబట్టి" అన్నాను.

నవంబరు 6, శనివారం

పొద్దున బస్సు దిగేసరికే టీకొట్టు దగ్గర నవ్వుకుంటున్నారు. ఈశ్వరయ్య ఎదురొచ్చి, "ఏం సార్, నాకొక్క మాట చెప్తే తుడుద్దును గద. నేను పిల్ల మీద చెప్తిని" అని తల పట్టుకున్నాడు.

ఇరవై ఏడో గడిలో మమత పేరు రాశాను. మొత్తం నలభై రెండు పేర్లతో తీసుకుపోయి బల్ల మీద పెట్టాను. హెడ్మాస్టరు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. నలభై ఒక్క మంది పిల్లలు ఇళ్లకు పోయి చెప్పాక దాచేందుకు ఏమీ మిగల్లేదు. పేజీ పేజీకి పెన్ను నొక్కి సంతకాలు పెట్టారు. ఆఖరున ఇంకో కాగితం నా ముందుకు నెట్టారు. నాకు మెమో. పది రోజుల్లో సంజాయిషీ.

నవంబరు 7, ఆదివారం. దీపావళి

ప్రతి పటాకుకూ ఉలిక్కిపడుతున్నాను. నాగమణికి అంతా చెప్పాను. నవ్వలేదు. "పిల్ల తల్లికి చెప్పినవా?" అంది. చెప్పలేదు.

నవంబరు 8, సోమవారం

పొద్దున్నే షెడ్డుకు పోయి సత్తెమ్మకు చెప్పాను. విని, కోటు గుండీలు పెట్టుకుంటూనే ఉంది. "పదకొండు రోజులు సారూ. పిల్ల పదకొండు రోజులు సరిగ తినలె" అంది. పనికి వెళ్లిపోయింది.

మమత బడికి వచ్చింది. మూడో వరసలో కూర్చోలేదు. ఆఖరున, గోడ పక్కన కూర్చుంది.

నవంబరు 10, బుధవారం

పెద్దలు వచ్చారు. మిషన్ రిపేరులో ఉందని హెడ్మాస్టరు గారు చెప్పారు. ఒకాయన నన్ను చూపించి పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. టీ తాగి వెళ్లారు.

నవంబరు 16, మంగళవారం

సంజాయిషీ ఇచ్చాను. ఇంక్రిమెంటు ఆపుతారని ఒకరు, అడవి వైపు బదిలీ చేస్తారని ఒకరు. తలుపు చప్పుడైతే పోస్టుమాన్ అనుకుంటున్నాను.

నవంబరు 25, గురువారం

కొత్త పలక వేసి మిషన్ తెచ్చి పెట్టారు. విచారణ తేలేదాకా ఇన్‌ఛార్జి నేనే. ఇంకెవరూ తాళం తీసుకోవడానికి ఒప్పుకోలేదు.

పదో తరగతిని గదిలోకి తెచ్చాను. ఇద్దరు పిల్లలు గుమ్మానికి ఉన్న మామిడాకు తోరణం చూపించి నవ్వుకున్నారు. అది మెకానిక్ కట్టాడు, నేను కాదు. చెప్పలేదు.

"మమతా, రా" అన్నాను.

లేచింది. వచ్చి మిషన్‌కు రెండు బారల దూరంలో ఆగిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"నేను ముట్టను సార్."

"ఏం కాదు బిడ్డా. బాగు చేసిండ్రు."

"మల్ల ఏమన్న అయితే నా పేరే వస్తది."

"రాదు."

"మొన్న కూడ రావద్దుండె సార్. వచ్చింది."

ఆ పిల్ల పెదవులు తెల్లబడి ఉన్నాయి. ఇన్ని రోజులూ ఆ పెట్టె అంటే నాకున్న భయం ఇప్పుడు ఆమె మొహం మీద ఉంది. పిల్లిని పట్టుకున్నట్టు మౌస్ పట్టుకునే పిల్ల.

"ఏం చేస్తే ముడతవు?" అని అడిగాను.

ఆలోచించింది. "రాసిస్తరా సార్?"

"ఏమని?"

"నేను ముట్టినంక ఏమైనా నా మీదికి రాదని."

హాజరు పట్టీలోంచి ఒక తెల్లకాగితం తీశాను. ఈ గదిలోని కంప్యూటర్‌ను పదవ తరగతి విద్యార్థిని మమత నా అనుమతితో వాడుతున్నదని, దానికి ఏమి జరిగినా పూర్తి బాధ్యత నాదని రాశాను. సంతకం పెట్టి ఇచ్చాను. పిల్లలందరూ చూస్తూనే ఉన్నారు.

మమత నిలబడే చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. కాగితం నా ముందుకు చాచింది.

"తారీఖు ఎయ్యలే సార్."

తారీఖు వేశాను. మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.